హుకుందార్

పొద్దున టీ గ్లాసు చేతికిచ్చే ముందే కరీమున్ మొగుడి దగ్గర మాట తీసుకుంది. మధ్యాహ్నం పెళ్ళివారు వచ్చి వెళ్ళేదాకా ఖాదర్ వలి నోట ఒక్క మిలిటరీ మాట రాకూడదు.

"ఒక్కటంటే ఒక్కటి కూడా. వచ్చిందో, ఈ పూట మీకు కూడు లేదు."

"ఎస్ సా..." అనబోయి గుటక మింగి, "సరే" అన్నాడు ఖాదర్ వలి.

పక్కనే జడ వేసుకుంటున్న సాజిదా నవ్వాపుకోలేక దువ్వెన జారవిడిచింది. కరీమున్ కూతురి వంక గుడ్లురిమి చూసింది. నవ్వులాటగా ఉంది దీనికి! సంబంధం దీనిదే కదా.

ఖాదర్ వలి సైన్యంలో ఇంజనీర్ల దళంలో పనిచేసి, హవల్దారుగా రిటైరై వచ్చాడు. వాగుల మీద వంతెనలు కట్టడం ఆయన పని. ఇప్పుడు పర్చూరు దగ్గర సొంత ఊళ్ళో మూడెకరాల మిరప వేసుకుంటున్నాడు. ఒంటి మీది ఖాకీ దిగి పన్నెండేళ్ళయినా నాలిక మీది ఖాకీ దిగలేదు. వంటిల్లు ఆయనకి లంగరు, సైన్యంలో వంటశాలని అలాగే అంటారు. ఊళ్ళోవాళ్ళంతా సివిల్. మిరపకోతకి వచ్చిన కూలీలను గట్టు మీద వరసగా నిలబెట్టి "ఫాలిన్!" అనేవాడు. వాళ్ళూ నవ్వుకుంటూనే నిలబడేవారు. పెళ్ళానికి 'టూ ఐసీ' అని పేరు పెట్టాడు. పైవాడి తర్వాత పెత్తనం ఆ మనిషిదే అని అర్థం. "మరి ఆ పైవాడెవరో?" అని కరీమున్ అడిగినప్పుడల్లా మీసం దువ్వుకుని చేలోకి వెళ్ళిపోయేవాడు.

ఇవన్నీ ఆమె భరించింది. కిందటేడు జరిగిందే భరించలేకపోయింది.

సాజిదాని చూడ్డానికి నరసరావుపేట నుంచి వచ్చినవాళ్ళు బాగా ఆలస్యం చేశారు. ఖాదర్ వలి పెళ్ళికొడుకు భుజం తట్టి, ప్రేమగానే, "లేటొస్తే మా దగ్గర రగడా ఉంటుంది బాబూ" అన్నాడు. సైన్యంలో రగడా అంటే తప్పు చేసిన కుర్రాణ్ణి మైదానం చుట్టూ పరిగెత్తించి, మట్టిలో దొర్లించి దారికి తేవడం. అది తిన్నవాళ్ళు ముసలితనంలో ఆ సంగతి మురిపెంగా చెప్పుకుంటారు కూడా. కానీ పెళ్ళికొడుకు తల్లికి తెలుగు రగడ ఒక్కటే తెలుసు. "పిల్లనింకా చూడనే లేదు, అప్పుడే గొడవకి దిగే ఇల్లా ఇది!" అంటూ ఆవిడ కాఫీ ముట్టకుండా లేచింది. వెనకే అందరూ లేచారు. "అది కాదండీ, రగడా అంటే..." అని ఖాదర్ వలి కారు వెంట వీధి మలుపుదాకా పరిగెత్తాడు. అలా పరిగెత్తే మనిషిని చూసి వాళ్ళు ఇంకా బెదిరిపోయారు.

అందుకే ఈసారి ఇంత కట్టడి.

కట్టడిలో రెండో భాగం చెంచయ్య. పక్క చేను ఆయనదే. ఖాదర్ వలీ, చెంచయ్యా కుర్రతనంలో ఒకే బస్సెక్కి భర్తీకి వెళ్ళారు, ఒకే కంపెనీలో పనిచేశారు, ఇప్పుడు ఒకే గట్టు మీద కూర్చుని పోట్లాడుకుంటారు. ఇద్దరూ ఒకచోట చేరితే ఆ మాటలు ఆపడం ఎవరి తరమూ కాదు. కరీమున్ తెల్లారగానే ఆయన్ని పిలిచి, "అన్నయ్యా, మీరు వెనక కల్లం దగ్గర కాయలు చూస్తూ ఉండండి. నేను పిలిచేదాకా ఇంట్లోకి రాకండి" అంది.

"సెంట్రీ డ్యూటీయా చెల్లెమ్మా?"

"అదిగో, ఆ మాటలే వద్దంటున్నది!"

చెంచయ్య నోటి మీద చెయ్యి పెట్టుకుని, నిటారుగా వెనక్కి తిరిగి, కల్లంలోకి నడిచాడు. ఆ నడకే మార్చింగులా ఉంది. నడకని కూడా కట్టడి చెయ్యాల్సిందేమోనని కరీమున్‌కి అప్పుడు తట్టింది.

పదకొండు దాటాక తాడేపల్లి నుంచి కారు వచ్చింది. ముందు దిగింది అలీ సాహెబ్, తాడేపల్లిలో బట్టలకొట్టు ఆయనది. ఇస్త్రీ చెరగని తెల్ల లాల్చీ, అత్తరు వాసన. తర్వాత పెళ్ళికొడుకు షానవాజ్, మంగళగిరిలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పని. అతనూ సాజిదా నెల రోజులుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళిద్దరి మధ్య తేలాల్సింది ఏమీ లేదు. తేల్చాల్సినావిడ అందరికంటే వెనక, చేతికర్ర ఊనుకుంటూ దిగింది.

నజ్మీన్, అలీ సాహెబ్ తల్లి. షానవాజ్ పసివాడిగా ఉన్నప్పుడే తల్లి పోతే వాణ్ణి పెంచింది ఈవిడే. "నాయనమ్మ ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ. మాట్లాడేది మాత్రం తక్కువట" అని సాజిదా ముందే చెప్పింది. ఎండిన మిరపకాయలా సన్నగా, ముడతలు పడి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్న మనిషి. కరీమున్ ఎదురెళ్ళి సలాం చెబితే తల ఆడించింది తప్ప పెదవి విప్పలేదు.

టీలు వచ్చాయి. సాజిదా వచ్చి కూర్చుంది. షానవాజ్ నేల వంక చూసి నవ్వుకున్నాడు, సాజిదా సీలింగు వంక చూసి నవ్వుకుంది. అలీ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు.

"హవల్దారు గారూ, సర్వీసులో ఎక్కడెక్కడ చేశారండీ?"

ఖాదర్ వలి నోరు తెరిచాడు. కరీమున్ కళ్ళు పెద్దవి చేసింది. ఖాదర్ వలి నోరు మూసి, ఆలోచించి, మళ్ళీ తెరిచాడు.

"చాలా చోట్ల."

"అక్కడ ఏం చేసేవారు?"

"పని."

"అంటే... ఎలాంటి పని?"

"కష్టమైన పని" అన్నాడు ఖాదర్ వలి. 

అలీ సాహెబ్ కొడుకు వంక చూశాడు. మెల్లగా, "రిటైర్మెంటే కదండీ? మధ్యలో ఏమైనా ఇబ్బంది వచ్చి గానీ...?" అన్నాడు.

కరీమున్‌కి సంగతి అర్థమైంది. అయ్యో, ఈయన్ని ఏదో తప్పు చేసి బయటికి గెంటించుకున్నవాడు అనుకుంటున్నారు! మాట్లాడితే ఆ సంబంధం పోయింది, మాట్లాడకపోతే ఈ సంబంధం పోయేలా ఉంది. మాట్లాడండి అని సైగ చేద్దామంటే ఆ నోటి నుంచి ఏమొస్తుందో తెలీదు. సాజిదా చున్నీ నోట్లో కుక్కుకుని ఎగిరెగిరి పడుతోంది. ఏడుస్తోందనుకుని షానవాజ్ కంగారుగా మంచినీళ్ళు అందించాడు.

అప్పుడు నజ్మీన్ లేచింది.

"కాయలు ఎండబోశారా? ఘాటొస్తోంది. కల్లం ఎటు?"

అంత పొడుగు మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. ఎవరూ దారి చూపకముందే కర్ర ఊనుకుంటూ పెరటి గుమ్మం దాటేసింది. కరీమున్ చెప్పులు వెతుక్కునేలోపల ఆవిడ గడ్డివాము మలుపు తిరిగింది.

మలుపు అవతలే కల్లం. ఎకరం మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. వేపచెట్టు కింద నులక మంచం మీద, ముఖాన తువ్వాలు కప్పుకుని చెంచయ్య కునుకు తీస్తున్నాడు. ఎండిన ఆకుల మీద కర్ర చప్పుడు ఆయన చెవిన పడింది. నిద్రలో ఉన్నవాడికి కరీమున్ ఆజ్ఞ ఏం గుర్తుంటుంది? ఇరవై ఏళ్ళు కొండల మీద రాత్రిళ్ళు కాపలా కాసిన గొంతు తనంతట తానే లేచింది.

"హుకుందార్!"

చెట్టు మీది కాకులు ఎగిరిపోయాయి. వెనక పరిగెత్తుకొస్తున్న కరీమున్ అక్కడే బిగుసుకుపోయింది. అయిపోయింది. ముసలావిడ గుండె ఆగినా ఆగుతుంది, సంబంధం మాత్రం ఆగిపోయినట్టే.

నజ్మీన్ కదల్లేదు. కర్ర నేలకి గట్టిగా తాటించి, నడుం నిటారు చేసి, గొంతెత్తి బదులు చెప్పింది.

"దోస్త్!"

చెంచయ్య ముఖం మీది తువ్వాలు జారింది. కళ్ళింకా పూర్తిగా తెరుచుకోలేదు. "ఆగే బఢ్, దోస్త్!" అన్నాడు. ముందుకు రా మిత్రమా అని. నజ్మీన్ సరిగ్గా మూడడుగులు వేసి ఆగింది. అప్పుడు కళ్ళు తెరిచి చూసిన చెంచయ్య మంచం మీంచి దొర్లి మిరపకాయల్లో పడ్డాడు.

నజ్మీన్ నవ్వింది. మొదట గొంతులో గురగురమంది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత కర్ర వదిలేసి మంచం పట్టె పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. అలికిడికి పరిగెత్తుకొచ్చిన ఖాదర్ వలికీ, అలీ సాహెబ్‌కీ, పిల్లలిద్దరికీ ఏం జరిగిందో అంతు పట్టలేదు.

"అమ్మా, హుకుందార్ మీకెలా తెలుసు?" అన్నాడు చెంచయ్య, చొక్కాలోంచి మిరపకాయలు తీసుకుంటూ.

"నాకు తెలియకపోవడమేంటి నాయనా? నేను నేర్చిన మొదటి హిందీ ముక్క అదే" అంది నజ్మీన్. మంచం మీద కూర్చుంది. ఇంతసేపూ మూతపడ్డ నోరు ఇక ఆగలేదు. "పదిహేడేళ్ళప్పుడు పెళ్ళయింది. తీసుకెళ్ళి అంబాలా క్వార్టర్సులో పెట్టాడు. తెలుగు తప్ప ఏమీ రాదు నాకు. ఆయన చీకటితోనే డ్యూటీకి పోయేవాడు. తలుపు ఎవరు కొట్టినా నాకు వణుకే, తీసేదాన్ని కాదు. ఆయన కొట్టినా తీసేదాన్ని కాదు! అప్పుడు నేర్పాడు. ఎవరొచ్చినా 'హుకుందార్' అని కేకెయ్యి, 'దోస్త్' అన్నవాడికే తియ్యి అని. వారం తిరిగేసరికి పాలవాడు దోస్త్, చాకలి దోస్త్, తపాలావాడు దోస్త్. వీధి మొత్తం మా తలుపు ముందు దోస్తులే! ఒకరోజు కల్నల్ గారి భార్య వచ్చింది. ఆవిడకీ అదే కేక. ఆవిడా దోస్త్ అంది, ఏం చేస్తుంది మరి?"

కరీమున్‌కి తెలియకుండానే నవ్వొచ్చింది.

ఖాదర్ వలి ఆమె వంక చూశాడు. కుక్కపిల్ల గొలుసు విప్పమన్నట్టు చూస్తున్నాడు. ఆమె నిట్టూర్చి తలాడించింది. అంతే, పొద్దుటి నుంచి బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటికి ఉరికింది.

"అసలు అది హిందీయే కాదమ్మా! తెల్లదొరల కాలంలో సెంట్రీలు 'హూ కమ్స్ దేర్' అనేవాళ్ళట. మన తాతలకి ఆ ముక్క నోరు తిరగలేదు, హుకుందార్ అయింది. దొరలు పోయారు, ఆ మాట పోలేదు. నాకు మా ఉస్తాదు నేర్పాడు, ఆయనకి ఆయన ఉస్తాదు. చెప్పిన ప్రతివాడూ ఇంకొకడి గొంతుతోనే చెప్పాడన్నమాట! మీవారు ఏ యూనిట్టమ్మా? ఏ ట్రేడు?"

అలీ సాహెబ్ గబుక్కున అడ్డొచ్చాడు. "మా నాన్నగారు సప్లై వైపు కొంచెం పెద్ద బాధ్యతలో..."

"వంటవాడు" అంది నజ్మీన్. "చెప్పరా, సిగ్గెందుకు? నేను ఈ మాటలంటే గిరాకీలు నవ్వుతారని నోరు మూయించావు కదూ ఇన్నాళ్ళూ. మీ నాన్న వంటవాడు. చివర్లో మొత్తం లంగరు ఆయన చేతి కిందే ఉండేది."

ఖాదర్ వలి, చెంచయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"లంగర్ కమాండర్!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఇద్దరి మడమలూ టక్కుమని కలిశాయి. మిరపకాయల మధ్య నిలబడి ఆ ముసలావిడకి సెల్యూట్ కొట్టారు.

"అలీ సాహెబ్ గారూ, మీకు తెలీదండీ!" ఖాదర్ వలి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "కల్నల్‌కి కోపమొస్తే ఒకడికే కష్టం. లంగర్ కమాండర్‌కి కోపమొస్తే ఎనిమిది వందల మందికి పప్పులో నీళ్ళు! మంచులో, మైనస్ డిగ్రీల్లో, పొయ్యి మీద చపాతీ పొంగుతుంటే ఆ మనిషి మాకు దేవుడిలా కనిపించేవాడు. అంత మనిషి మనవడికి నేను పిల్లనివ్వడమా! మా అదృష్టం కాదూ!"

 అలీ సాహెబ్ ముఖంలో అత్తరు మర్యాద చెదిరిపోయి, కింద ఎప్పటిదో ఒక చిన్నపిల్లాడి ముఖం బయటపడింది. "శుక్రవారం హల్వా చేసేవాడు..." అన్నాడు నెమ్మదిగా. "మూకుడు అడుగున మాడింది నాకు పెట్టేవాడు."

అప్పుడే నీడ పడింది.

అందరూ మాటల్లో ఉండగా పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఫిబ్రవరిలో రాకూడని మబ్బు. దుమ్ము లేపుతూ గాలి వీచింది, వేపాకులు రాలాయి, కరీమున్ చేతి మీద ఒక చుక్క పడింది, లావుగా. ఎండిన కాయ తడిస్తే తెల్లమచ్చలు పడతాయి. ఏడాది కష్టం నేల మీద పరిచి ఉంది.

"స్టాండ్ టు!" ఖాదర్ వలి గొంతు కల్లమంతా మోగింది.

శత్రువు మీదపడే వేళ ఎవరి మోర్చా గుంటలోకి వాళ్ళు దూకి సిద్ధంగా నిలబడమనే కేక అది. చెంచయ్య టార్పాలిన్ పట్టాలున్న కొట్టంలోకి దూకాడు. కానీ ఖాదర్ వలి తూర్పు పోగు ముందంటే చెంచయ్య పడమటి పోగు ముందన్నాడు. అక్కడే, చినుకుల్లోనే, ఇద్దరూ వాదనకి దిగారు. షానవాజ్ ఒక పట్టా కొస పట్టుకుని దాన్తోపాటు గాలిలో ఊగుతున్నాడు. అలీ సాహెబ్ లాల్చీ ముడేసుకుని ఎటు పోవాలో తెలీక గిరగిరా తిరుగుతున్నాడు.

కరీమున్ నడుముకి కొంగు బిగించింది. ఏ కాయ ఎన్నాళ్ళ కిందట పోశారో, ఏది ఎండిందో, ఏది పచ్చిగా ఉందో ఆమెకే తెలుసు. నోరు తెరిచింది. ఏ మాట వస్తుందో ఆమెకే తెలియలేదు.

"ఆపండి మీ రగడా! చెంచయ్యన్నయ్యా, ఎడమ ఫ్లాంకు! సాజిదా, నువ్వూ షానవాజూ ఒక సెక్షను, చీపుళ్ళతో మధ్యకి ఊడ్చండి! అలీ సాహెబ్ గారూ, మీరు పట్టా కొస మీద కూర్చోండి, రిపోర్టు ఇచ్చేదాకా లేవద్దు! ఏమండీ, మిమ్మల్నే! డబుల్ మార్చ్!"

ఇద్దరి వాదనా ఆగింది. తర్వాత "ఎస్ సాబ్!" అన్నారు మాజీ హవల్దార్లిద్దరూ. నజ్మీన్ మంచం మీంచి చప్పట్లు కొట్టింది.

ఇక ఆ పరుగులు చూడాలి. ఊడుస్తుంటే ఘాటు రేగి అందరూ తుమ్ములే. షానవాజ్ తుమ్మినప్పుడల్లా సాజిదా లెక్కపెట్టబోయి తానే తుమ్మి లెక్క మరిచిపోయింది. అలీ సాహెబ్ పట్టా మీద బాసింపట్టు వేసుకుని, వాన నెత్తిన కొడుతుంటే, "రిపోర్టు ఇవ్వచ్చా? ఇప్పుడివ్వచ్చా?" అని అరుస్తున్నాడు. నజ్మీన్ మంచాన్ని చెట్టు మొదటికి జరుపుకుని, "ఆ మూల! ఆ మూల ఎగురుతోంది, అంధుల్లారా!" అని కర్రతో చూపిస్తోంది. వాన పెద్దదయ్యేసరికి ఆఖరి పోగు మీద ఆఖరి పట్టా పడింది. చెంచయ్య దాని మీద రాళ్ళు పెట్టి, వెల్లకిలా పడుకుని, "ఆల్ ఓకే రిపోర్ట్" అన్నాడు ఆకాశంతో.

ఇంట్లోకి వచ్చేసరికి ఎవరూ పెళ్ళివారిలా లేరు. అలీ సాహెబ్ తెల్ల లాల్చీ ఎర్రటి మరకలతో ఉంది. ఖాదర్ వలి లుంగీ, చెంచయ్య తువ్వాలు ఆయనకి ఇచ్చారు. అవి కట్టుకుని ఆయన అద్దంలో చూసుకుని ముందు ఉలిక్కిపడ్డాడు, ఆ తర్వాత పగలబడి నవ్వాడు.

నజ్మీన్ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. కరీమున్ చేసిపెట్టిన కోడిపులావు గిన్నె మూత తీసి, ఒక మెతుకు నలిపి చూసి, "పాస్" అంది. కరీమున్‌కి ఏ పరీక్షలోనూ రానంత సంతోషం వచ్చింది.

"ఇవాళ బడాఖానా" అంది నజ్మీన్ గుమ్మంలో నిలబడి. "మా రోజుల్లో బడాఖానా నాడు అధికార్లే జవాన్లకి వడ్డించేవాళ్ళు. నిన్నటిదాకా తిట్టిన కల్నల్ వచ్చి, 'ఇంకో ముక్క వేసుకో బేటా' అనేవాడు. ఆ పూట పెద్దాచిన్నా లేదు. పిల్లలూ, కూర్చోండి."

సాజిదాని, షానవాజ్‌ని పక్కపక్కన చాప మీద కూర్చోబెట్టారు. అలీ సాహెబ్ లుంగీ ఎగ్గట్టి పులావు వడ్డించాడు. ఖాదర్ వలి పెరుగుచట్నీ పట్టుకుని వెనక నడిచాడు. నజ్మీన్ వంగి, తన చేత్తో సాజిదా పళ్ళెంలో పెద్ద ముక్క వేసింది. వేసిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా, ఆ పిల్ల తల మీద పెట్టి కాసేపు అలాగే ఉంచింది. ఇక ఊఁ అన్నదా ఉహూఁ అన్నదా అని ఎవరూ అడగలేదు.

"నాకు కూడు ఉన్నట్టా, లేనట్టా?" అని ఖాదర్ వలి కరీమున్ చెవిలో అడిగాడు.

"వడ్డన అయ్యాక చూద్దాం" అంది ఆమె. ఆయన కనబడకుండా నవ్వుకుంటూ గరిటె తిప్పింది.

సాయంత్రం తండ్రీకొడుకులు బయల్దేరారు. నజ్మీన్ బయల్దేరలేదు. "మీరు పోండి. నాకు ఇక్కడ పనుంది" అని చెంచయ్య మంచం మీద కాళ్ళు జాపింది. పని ఏమిటంటే మాట్లాడడం. అంబాలా, జబల్పూర్, జోర్హాట్. చెంచయ్య ఒక ఊరంటే ఆవిడ రెండు ఊళ్ళంటుంది.

మర్నాడు పొద్దున కరీమున్ వాకిలి ఊడుస్తుంటే వీధిలోంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు. చేతుల్లో పాలచెంబు, అరటిపళ్ళు. ముందున్నది నాగజ్యోతి, రెండిళ్ళవతల ఉంటుంది. లోపలికి తొంగి చూస్తూ గొంతు తగ్గించింది.

"కరీమున్ వదినా, మీ ఇంటికి కల్నల్ గారి భార్య వచ్చారంట కదా! నిన్న కల్లంలో నిలబడి ఇన్‌స్పెక్షన్ చేశారంట, ఖాదర్ అన్నయ్యేమో వానలోనే సెల్యూట్ కొట్టాడంట! ఒకసారి చూసి పోదామని వచ్చాం."

ఒక్క రాత్రిలో కథ ఎక్కడికి పాకిందో! ఖాదర్ వలి దీన్నే లంగర్ గప్ అంటాడు. లంగరు పొయ్యి దగ్గర చిన్నగా పుట్టి, జవాన్లుండే బారకాసులన్నీ తిరిగేసరికి కొండంతయ్యే కబురు. ఇది చెంచయ్య వదిలిన కబురేనని కరీమున్‌కి అర్థమైంది. కాదమ్మా, అని నిజం చెప్పేద్దామని లోపలికి తిరిగి చూసింది.

నజ్మీన్ అప్పటికే కొంగు సవరించుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, కర్ర రెండు చేతులతో ముందు నిలబెట్టుకుని సిద్ధంగా ఉంది. కళ్ళు తళతళలాడుతున్నాయి.

కరీమున్ చీపురు గోడకి ఆనించి, నాగజ్యోతి చెవి దగ్గరికి వంగింది.

"కల్నలేంటి నీ మొహం! బ్రిగేడియర్. లోపలికి రండి, చెప్పులు మాత్రం లైన్లో విడవండి."